పంచదార మానాను, పళ్ళెం మానలేదు

(సంఘ స్త్రీ పురుష సమాజముల సంయుక్త కూటంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షిక కూటాలలో నాకు ముందు మాట్లాడినవారు సంఘ చరిత్రను గురించి, మన బడులను గురించి ఎంతో విలువైన సంగతులు చెప్పారు. నాకు కార్యదర్శిగారు ఇచ్చిన విషయం వేరు. మధుమేహం ఉన్నదని తెలిసిన తరువాత తిండినీ, దినచర్యనూ ఎట్లా మార్చుకోవాలో చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పయి అయిదేళ్ళు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి. నన్నెందుకు పిలిచారండీ అని అడిగితే, "మీకు షుగరుంది గదా మాస్టారూ, అందుకని" అన్నారు. సరే, ఆ ఒక్క అర్హతా నాకు దండిగానే ఉంది. పదేళ్ళు దాటింది.

ఈ అర్హత ఉన్నవారు మనలో తక్కువేమీ కారు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్ల పైచిలుకు. దాని అంచున నిలబడినవారు పదమూడు కోట్లకు పైన. ఈ హాలులో ఎంతమందిమి ఉన్నామో నేను చేతులెత్తమని అడగను. ఎందుకడగనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

2014 జూలైలో బడిలో బల్లకున్న మేకు నా కాలిపిక్కకు గీరుకున్నది. నెలరోజులైనా ఆ గాయం మానలేదు. అంతకు ముందునుంచే రాత్రిపూట మూడు నాలుగుసార్లు లేవవలసి వచ్చేది. మధ్యాహ్నం తరగతిలో సుద్దముక్క పట్టుకుంటే కళ్ళు మూతలు పడేవి. ఏడాదిలో కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. ఏభై నాలుగేళ్ళు వచ్చాయి గదా, వయసు అనుకున్నాను. గాయం చూసిన డాక్టరుగారు రక్తపరీక్ష వ్రాశారు. పరగడుపున 212. భోజనం చేసిన రెండు గంటలకు 318. సుమారు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బిఎ1సి అనే పరీక్షలో 9.6. పరగడుపున 126 గాని, ఆ సగటు పరీక్షలో 6.5 గాని దాటితే మధుమేహం క్రిందనే లెక్క. నేను అంచున లేను, నడిమధ్యలో ఉన్నాను.

ఆ చీటీని ఇంటికి తెచ్చి పాత డైరీలో పెట్టాను. నా భార్యకు మూడోనాడు చెప్పాను. సంఘంలో ఎవరికీ ఏడాదిన్నరదాకా చెప్పలేదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. "తండ్రికి షుగరట" అని ఒక్కరంటే చాలు, అది నాలుగిళ్ళు తిరిగి "పిల్లకూ వస్తుందేమో" అయి కూర్చుంటుందని నా భయం. నా భయం వట్టిదని ఇప్పటికీ చెప్పలేను. చేతులెత్తమని అడగకపోవడానికి కారణం ఇదే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. పరీక్ష జరిగిన మర్నాటినుంచి కాఫీలో పంచదార మానేశాను. మిఠాయి ముట్టలేదు. క్రిస్మసుకు అరిసె కూడా ముట్టలేదు. ఇంత నిగ్రహం చూపించాను గదా అని లోపల కొంచెం గర్వం కూడా పడ్డాను. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసుకుంటూనే ఉన్నాను. ఏడాదిన్నర తరువాత మళ్ళీ ఆ సగటు పరీక్ష చేయిస్తే 9.1 వచ్చింది. ఇంత త్యాగానికి ఫలితం అర మార్కు! డాక్టరుగారిమీద కోపం వచ్చింది. మందు మంచిది కాదేమో నన్నాను. ఆయన నవ్వి, "మాస్టారూ, మీరు లెక్కలవారు గదా. రేపు మధ్యాహ్నం మీ పళ్ళెంలో అన్నం తూచి, ఆ అంకె నాకు చెప్పండి" అన్నారు.

మా వీధి కిరాణా కొట్టునుంచి చిన్న తక్కెడ అడిగి తెచ్చాను. నా భార్య రోజూ పెట్టినంతే పెట్టింది. పప్పుతో కొంత, కూరతో కొంత, చారుతో కొంత, చివర పెరుగుతో కొంత. మొత్తం కలిపితే వండిన అన్నం 450 గ్రాములు. వండిన అన్నం నూరు గ్రాములలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములుంటుంది. నాలుగున్నర పెట్టి గుణిస్తే 126 గ్రాములు. టీ చెంచాడు పంచదార సుమారు 5 గ్రాములు. భాగించి చూడండి. ఇరవై అయిదు చెంచాలు. నేను కాఫీలో మానినది రోజుకు నాలుగు చెంచాలు. ఒక్క మధ్యాహ్నపు పళ్ళెంలో తింటున్నది ఇరవై అయిదు చెంచాలకు సరిపడేటంత. రాత్రి పళ్ళెం ఇంకా లెక్కలోకి రానేలేదు. ఇది ఏడవ తరగతి లెక్క. ముప్పయి ఏళ్ళు అదే తరగతికి చెప్పినవాణ్ణి, నా పళ్ళెం దగ్గర వేసుకోలేదు.

అన్నం తియ్యగా ఉండదు గనుక మనకు అనుమానం రాదు. అయితే కడుపులోకి పోయిన తరువాత అదీ చక్కెరగానే రక్తంలో చేరుతుంది. ఆ చక్కెరను కండరాలలోకి పంపడానికి ఇన్సులిన్ కావాలి. మనబోటి వారిలో ఆ ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం సరిగా వినదు. కొన్నాళ్ళకు అది ఊరడం కూడా తగ్గుతుంది. ఇంకొక చిక్కు, మనవాళ్ళు చూపుకు సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు పెంచుకొనే జాతి. అందుకే నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడమంటారు. నాది అప్పుడు 102.

ఇక్కడ బియ్యాన్ని గురించి ఒక మాట. డెల్టాలో పుట్టిన మనకు అన్నమంటే భోజనానికి మారుపేరు. "అన్నం తిన్నావా?" అని అడుగుతాం గాని "కూర తిన్నావా?" అని ఎవరమూ అడగం. మన తాతలు తిన్నది దంపుడు బియ్యం. పైగా పగలంతా పొలంలో నడుం వంచి పనిచేశారు. మనం తినేది అద్దంలాగా మెరిసేటట్టు పాలిష్ పట్టిన సన్నబియ్యం, చేసేది కుర్చీ ఉద్యోగం. ఇప్పుడు చక్కెరను నెమ్మదిగా పెంచే రకాలూ వచ్చాయి. తెలంగాణ సోనా అని పేరుపడిన ఆర్.ఎన్.ఆర్. 15048 అటువంటిదే. మంచిదే. కాని మా తోడల్లుడుగారు ఆ బియ్యం బస్తా కొన్నది మొదలు, "ఇది షుగరువాళ్ళ బియ్యమే" అని రెండోసారి పెట్టించుకుంటున్నారు. రకం మారితే ఉపయోగం కొంత, కొలత మారకపోతే ఆ కొంత కూడా పోతుంది. కొర్రలు, సామలు, రాగులు కూడా అంతే. పీచు ఎక్కువ, నిజమే. పిండిపదార్థం మాత్రం బియ్యం కంటే కొంచెమే తక్కువ. రాగులను మెత్తగా పిండి చేసి జావ కాచి పెద్ద గ్లాసుతో త్రాగితే చక్కెర చప్పున పైకి పోతుంది. నేను త్రాగి, రెండు గంటలకు వేలు పొడిచి చూసుకొని చెబుతున్నాను. బెల్లం, తాటిబెల్లం, తేనె ఈ రోగానికి మంచివనే మాట కూడా మన ఇళ్ళలో తిరుగుతున్నది. అవి చక్కెరలే. కాకరకాయ రసం విషయం నన్నడగకండి. త్రాగాను. చేదు తప్ప నాకు తెలిసిన లాభమేమీ కలగలేదు. కాకరకాయను కూరగా తినడం మాత్రం ఎంతో మంచిది.

అన్నం తగ్గించడమంటే చెప్పినంత తేలిక కాదు. మొదటిరోజు సగానికి సగం తగ్గించాను. సాయంత్రం నాలుగింటికి కడుపు నకనకలాడి, బిస్కెట్ల డబ్బా ఖాళీ చేశాను. నా భార్య అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఏమండీ, అన్నం తగ్గిస్తే సరిపోయిందా? ఆ ఖాళీలో ఏం పెడతారు? కూర అంటే ముద్దలో నంజుకొనేటంతే వండుతున్నాను. మీరు కడుపునిండా కూర తింటామంటే గిన్నె మార్చాలి." అసలు కీలకం ఆవిడే పట్టుకున్నది. మన వంట అంతా అన్నం ఎక్కువ లోపలికి పోయేటట్టు ఏర్పడ్డ వంట. ఆవకాయనే చూడండి. దానిలో చక్కెర లేదు. కాని ఆ కారం, ఆ ఉప్పు తగ్గాలంటే ఇంకొక ముద్ద, ఆ ముద్ద చప్పనైతే మళ్ళీ ఆవకాయ. అది అన్నాన్ని ఈడ్చుకుపోతుంది.

గిన్నె మార్చాము. తోటకూరో, బీరకాయో, దొండకాయో ఏదైనా సరే, ముందు రెండు గరిటెలు విడిగా తింటాను. తరువాత గట్టి పప్పో, గుడ్డో, చేప ముక్కో. అన్నం ఆఖరున వస్తుంది. కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే అదే అన్నానికి చక్కెర అంతగా ఎగరదని వైద్యులు చూశారు. నా వేలు కూడా అదే చెప్పింది. అన్నం 450 నుంచి 300కు, నెల తరువాత 200కు, ఆ పైన 150కి తెచ్చాను. రాత్రి రెండు జొన్నరొట్టెలు. పొద్దున ఇడ్లీ బదులు చాలా రోజులు పెసరట్టు, ఉప్మా లేకుండా. బంగాళాదుంప, చేమ, కంద కూరల లెక్కలో కాక అన్నం లెక్కలో వేసుకున్నాను. అన్నిటికంటే బాధపెట్టింది పెరుగన్నం. అది లేకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు, లేచి చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు పెరుగులో కీరా దోసకాయ ముక్కలు కలుపుకొని చెంచాతో తింటాను. అలవాటైంది గాని, పెరుగన్నమంత బాగుంటుందని అబద్ధం చెప్పను.

ఖర్చు మాట కూడా చెప్పాలి. కార్డు మీద వచ్చే బియ్యంతో కడుపు నింపుకోవడం సులభం, పప్పుతో కూరగాయలతో నింపుకోవడం కష్టం. మా ఇంట్లో కూరగాయల ఖర్చు దాదాపు రెట్టింపైంది. మేము పింఛనుదారులం, సర్దుకున్నాం. కూలి పనికి పోయే సహోదరునికి నా 150 గ్రాముల లెక్క అప్పగించడం అన్యాయం. ఆయన చేసే కష్టానికి కొలత వేరు. అది ఆయనను చూసే డాక్టరు చెప్పాలి. అయినా పెరట్లో తోటకూర మడి, గుగ్గిళ్ళు, మజ్జిగ, కోడిగుడ్డు అందరికీ అందుబాటులో ఉన్నవే.

ఇంకొకటి చేశాము. నాకు వేరే వంట అనేది పెట్టుకోలేదు. వేరే వండితే ఇల్లాలికి రెండు చాకిరీలు, రోగికి రోజూ శిక్ష. పిల్లలూ అదే తిన్నారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ గనుక, వాళ్ళకూ అవసరమే. అమెరికాలో 2002లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, అంచునున్నవారు కొంచెం బరువు తగ్గి వారానికి 150 నిమిషాలు నడిస్తే మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మన చెన్నైవారు చేసిన పరిశోధనలో కూడా, అంత కాకపోయినా, తగ్గడం కనబడింది. మా అబ్బాయికి ఇది చెబితే, "మీరు తినేదే తింటున్నాగా నాన్నా, ఇంకా నడవాలా?" అన్నాడు. నడవాలి. నేనూ భోజనమైన తరువాత పావుగంట వీధిలో అటూ ఇటూ తిరుగుతాను. నడిస్తే కండరాలు రక్తంలో చక్కెరను లాక్కుంటాయి. మొదట్లో ఇరుగుపొరుగువారు ఏదో పోగొట్టుకొని వెతుకుతున్నాననుకున్నారు.

ఇట్లా ఎనిమిది నెలలైన తరువాత సగటు పరీక్ష 6.9కి వచ్చింది. బరువు 78 నుంచి 70కి దిగింది. అప్పుడు రెండో తప్పు చేశాను. బాగైపోయిందనుకొని, ఎవరినీ అడగకుండా మాత్రలు మానేశాను. నాలుగు నెలలలో 8.4. డాక్టరుగారు ఒకే మాటన్నారు. "మాస్టారూ, 6.9 అనేది తిండి, నడక, మాత్ర మూడూ కూడితే వచ్చిన మొత్తం. మీరు ఒక అంకె తీసేసి అదే మొత్తం రావాలంటున్నారు." మాత్రలు లేకుండా ఉండగలవారు లేరని కాదు. బ్రిటన్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. వ్యాధి తెలిసి ఆరేళ్ళు దాటనివారిని తీసుకొని, వైద్యుల కనిపెట్టులో గట్టిగా బరువు తగ్గిస్తే, దాదాపు సగంమంది ఏడాది తరువాత మాత్రలు లేకుండానే మామూలు స్థాయికి వచ్చారు. వైద్యుల కనిపెట్టులో అన్న మాట మీరు మరువవద్దు. అలాగే ఎవరికైనా ఇన్సులిన్ వ్రాస్తే, "ఇక ఆఖరి దశ" అని పరామర్శకు పోయేవారున్నారు. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఆ మందు మొదటిసారి ఇచ్చినప్పుడు అది చావునుంచి తప్పించిన మందు. ఈనాడు మన ఇంట్లో ఫ్రిజ్‌లోకి వచ్చేసరికి చావు కబురు ఎట్లా అయింది?

మందుల మాట వచ్చింది గనుక ఒక శుభ శుక్రవారం సంగతి చెప్పాలి. ఆరోజు నేను ఉపవాసం. అలవాటు చొప్పున పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం వేసుకొని, ఏమీ తినకుండా గుడికి నడిచి వచ్చాను. పన్నెండింటికి ఆరాధన మొదలై మూడో మాట మీద ప్రసంగం జరుగుతుండగా ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు. పాటల పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. ప్రక్కనున్నవారు నేను ప్రసంగానికి కదిలిపోయాననుకొని భుజం మీద చెయ్యి వేశారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక రిటైర్డ్ నర్సమ్మగారు చూసి, లేచి వచ్చి, వంటగదిలోంచి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించారు. పావుగంటలో మనిషినయ్యాను. చక్కెర 70 కంటే దిగిపోతే అది ఎక్కువకన్నా ముందుగా ప్రాణం మీదికి తెస్తుంది. ఆరోజు నన్ను కాపాడింది నేను మానేసిన పంచదారే. ఉపవాసం మానమని నేననడం లేదు. కొన్ని మాత్రలు వేసుకొనేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు ముందుగా డాక్టరునడిగి, ఆరోజు మందు ఎంత వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండవచ్చునో లేదో తెలుసుకొని ఉండండి. జేబులో నాలుగు పంచదార పలుకులు పెట్టుకోండి. ప్రక్కవారికి మీ సంగతి చెప్పి ఉంచండి. నేను చెప్పి ఉంటే నర్సమ్మగారు వెనుక వరుసనుంచి రావలసిన పని ఉండేది కాదు.

ఇప్పుడు చెప్పవలసినది నాకు కష్టమైనది. మా గాయకబృందంలో నా ప్రక్కనే నిలబడి పాడే మిత్రుడొకాయన ఉన్నాడు. ఆయనకు నాకంటే పదేళ్ళు ముందునుంచే చక్కెర ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకున్నదన్న సంగతి ఆయనకు తెలియదు. 2015 డిసెంబరులో మా అమ్మాయి పెళ్ళి. బంతి భోజనాల దగ్గర ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దురా" అన్నాడు. పెళ్ళికూతురి తండ్రిని గదా, నేనే స్వయంగా ఆ చెయ్యి తీసి రెండు బూరెలు వేశాను. "ఈ ఒక్కరోజుకేం కాదులేరా" అన్నాను. నా విస్తట్లో నేను వేసుకోలేదు. పని హడావుడిలో నన్నెవరూ గమనించలేదు. ఆయన తిన్నాడు. నా మాట కాదనలేక తిన్నాడు.

2018లో మట్టల ఆదివారం ఊరేగింపులో ఆయన అందరితోపాటు చెప్పులు లేకుండా తారురోడ్డు మీద నడిచాడు. అరికాలు బొబ్బలెక్కింది. ఆయనకు తెలియలేదు. చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ళలో స్పర్శ చచ్చిపోతుంది. నాలుగోనాడు వాసన వస్తే భార్య చూసింది. మే నెలలో మోకాలి క్రిందికి కాలు తీసేశారు. నా రెండు బూరెలవల్ల ఆ కాలు పోలేదు, అది నాకు తెలుసు. కాని ఆయన పదేళ్ళపాటు వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి ప్రేమవిందులోనూ నాబోటి మిత్రుడొకడు ఆ చెయ్యి తీసి ఉంటాడు. ఆసుపత్రిలో ఆయన మంచం ప్రక్కన కూర్చొని, నాకూ ఉన్నదని మొదటిసారి చెప్పాను. చాలాసేపు నావైపు చూశాడు. "ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి వద్దనేవాళ్ళం గదరా" అన్నాడు. ఆయన ఇప్పటికీ పాడుతున్నాడు, కుర్చీలో కూర్చొని.

అందుచేత అందరికీ నా మనవులు కొన్ని. గుడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే అలవాటు మనది. చక్కెర ఉన్నవారు లోపల మేజోళ్ళు వేసుకుంటే ఎవరూ వింతగా చూడవద్దు. ఊరేగింపులో చెప్పులతో నడిస్తే భక్తి తక్కువనుకోవద్దు. మీరు రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి. కంటి వెనుక పొరను, మూత్రంలో పోయే ప్రోటీనును ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. నొప్పి లేదు గదా అని ఆగవద్దు. ఈ వ్యాధిలో నొప్పి లేకపోవడమే మోసం.

స్త్రీల సమాజంవారికి ప్రత్యేకంగా చెప్పుకుంటాను. ప్రేమవిందులో బిర్యానీ ఉండనివ్వండి, దానిమీద నాకేం పగ లేదు. దానికి ముందు ఒక కూరగాయ ముక్కల పళ్ళెం, ఒక గిన్నెడు గుగ్గిళ్ళు కూడా పెట్టండి. క్రిస్మసు ముందు పాటలు పాడుతూ మా ఇంటికి వచ్చిన కుర్రవాళ్ళకు నా భార్య కేకుతోపాటు తాలింపు శనగలు పెట్టింది. మొదట నవ్వారు. ఆ తరువాత శనగల పళ్ళెమే ముందు ఖాళీ అయింది. ఎవరైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, ఎందుకని అడగకండి, ఆ చెయ్యి తీయకండి.

కూటం ముగిశాక బయట వరండాలో టీ ఉన్నదని కార్యదర్శిగారు చెప్పమన్నారు. రెండు ఫ్లాస్కులు పెట్టించాను. పిడికి ఎర్రదారం కట్టినది పంచదార లేనిది. దాని దగ్గర మొదట నేనే నిలబడతాను.